తియ్యని చెయ్యి

సురబాయ,
2 ఏప్రిల్ 1988

పెద్దమ్మకు,

మీ మోకాళ్ళకు నుదురు ఆనించి వినార్తి రాస్తున్న ఉత్తరం.

నేను బాగున్నాను. మీరు పంపిన ఎండుచేపలు అందాయి. ఆ వాసనకి నా గది ఇంటావిడ మొదటిరోజు ముక్కు మూసుకుంది, రెండోరోజు గిన్నె పట్టుకుని వచ్చింది. ఉపవాస మాసం ఇంకో పక్షం రోజుల్లో మొదలవుతుంది కదా, ఈసారైనా మీరు ఎండలో కూర్చుని ఆకులు కోయకండి.

అసలు సంగతి రాస్తాను. ఈ చిన్నపిల్లల బడిలో చేరి తొమ్మిది నెలలైంది. నా తరగతిలో ముప్పై ఒక్క మంది, అందరూ ఐదారేళ్ళ వాళ్ళు. జులైలో పెద్దబడికి పోవాలి. పోయేలోగా ప్రతివాళ్ళూ తమ పేరు తాము రాయాలని మా పెద్ద టీచర్ కుస్తియా గారి పట్టుదల. తల్లిదండ్రులూ గేటు దగ్గర రోజూ అదే. "మావాడు ఇవాళ ఎన్ని అక్షరాలు రాశాడు టీచర్?" అంటారే తప్ప, ఏం ఆడాడని ఒక్కరూ అడగరు.

ముప్పై మంది ఏదో ఒక తీరున గీస్తున్నారు. ఒక్క పిల్ల మాత్రం గీయదు. పేరు మెనిక్. వాళ్ళమ్మ సుకెమి పసుపు కషాయం, అల్లం కషాయం సీసాల్లో పోసి, బుట్ట వీపున కట్టుకుని వీధులు తిరిగి అమ్ముతుంది. నాన్న ఓడలో వంటవాడు, ఏడాదికోసారి వస్తాడు. పిల్ల చురుకైనది. పాటలన్నీ ముందు దానికే వస్తాయి. గుమ్మం దగ్గర ఏ చెప్పులు ఎవరివో కళ్ళు మూసుకుని చెబుతుంది. పెన్సిల్ ఇస్తే మాత్రం రాయిలా అయిపోతుంది. ఎడమచెయ్యి మర్యాదగా తొడ కింద పెట్టుకుని, కుడి పిడికిట్లో పెన్సిల్ బిగించి, కాగితం చిరిగేదాకా నొక్కుతుంది. మొన విరుగుతుంది. ఇక ఏడుపు. "ఏమైందమ్మా?" అంటే "నా చెయ్యికి రావట్లేదు టీచర్" అంటుంది. నాకు రావట్లేదు అనదు, నా చెయ్యికి రావట్లేదు అంటుంది.

దీన్ని ఇంకో ఏడాది ఇక్కడే ఉంచేద్దామంటున్నారు కుస్తియా గారు. తన ఈడు వాళ్ళంతా వెళ్ళిపోతే ఈ పిల్ల మనసు విరిగిపోతుందని నా భయం.

నేనూ చిన్నప్పుడు అక్షరాలకి మొండికేశానని, పంతులు నన్ను ఇంటికి పంపేశాడని మీరే చెప్పేవారు. మరి తర్వాత ఎలా దారికొచ్చాను? మీరు నాకేం చేశారు? గుర్తుంటే రాయండి. అదే ఈ పిల్లకీ చేస్తాను.

మీ బిడ్డ,
వినార్తి


జెపారా,
9 ఏప్రిల్ 1988

నార్తీ,

నీ ఉత్తరం పక్కింటి రెబో తెచ్చిచ్చాడు. వాడిప్పుడు పెద్ద తలుపు చెక్కుతున్నాడు. పొద్దున్నించీ సుత్తి చప్పుడే. నా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. "నీ తలుపు ఎవరికోగానీ, నా గుడ్లు పోయాయిరా" అన్నాను. "తలుపు మీద కోడిని చెక్కి పెడతాను అక్కా, అది పెడుతుందిలే" అన్నాడు.

నువ్వు చదివిన టీచర్ల బడిలో ఇవన్నీ నేర్పలేదా? వేళ్ళలో పట్టు లేని పిల్లకి పెన్సిల్ ఇస్తే దానితో పొడుస్తుంది, ఇంకేం చేస్తుంది. ముందు పెన్సిళ్ళు తీసి దాచెయ్యి. ఉపవాసాల నెల వస్తోంది, ఊరంతా బియ్యం ఉడికించే కుపత్ బుట్టలు అల్లే రోజులు. పిల్లలకి కొబ్బరి మొవ్వాకు ఇయ్యి.

మొదటి వారం ఆకు నుంచి ఈనె తీయించు. అంతే, ఇంకేమీ వద్దు. ఆకు చిరగకూడదు, ఈనె విరగకూడదు. బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి కనిపెట్టుకుని నడవాలి. రెండో వారం బూర చుట్టించు. వదులుగా చుడితే పలకదు, మరీ బిగిస్తే గాలి పోదు. ఎంత బిగించాలో నువ్వు చెప్పక్కర్లేదు, బూరే చెబుతుంది. మూడో వారం పాము, మిడత, గాలిచక్రం. పండగ వారానికి కుపత్. రెండు పట్టీలు, రెండు చేతులు. బియ్యం పోస్తే గింజ జారకూడదు. జారకుండా అల్లిన పిల్ల ఏ అక్షరమైనా రాస్తుంది.

నేను నీకేం చేశానని అడిగావు. ఏమీ చెయ్యలేదు. నీ అంతట నువ్వే దారికొచ్చావు.

బస్సు కండక్టరు చేత ఆకుల మూట పంపుతున్నాను. తడిగుడ్డలో చుట్టి ఉంచు. పండక్కి వచ్చేటప్పుడు ఆ గుడ్డ తీసుకురా, మంచి గుడ్డ.

నీ పెద్దమ్మ


సురబాయ,
26 ఏప్రిల్ 1988

పెద్దమ్మకు సలాం.

మీ మూట దారిలో తుబాన్‌లో దిగిపోయి, అక్కడ రెండు రోజులు కూర్చుని, మూడోరోజు మా బడికి చేరింది. అంచులు గోధుమరంగుకి తిరిగాయి. అయినా లోపలి ఆకులు బాగానే ఉన్నాయి.

మీరు చెప్పినట్టే చేశాను. ఈనెలు తీయించిన మొదటిరోజు ముప్పై ఒక్క మంది కలిసి ముప్పై ఒక్క ఈనెలూ విరగ్గొట్టారు. నాలుగో రోజుకి తరగతిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. మెనిక్ తీసిన ఈనె చూడాలి మీరు, మొదలు నుంచి చివరిదాకా ఒక్క పోగు. వాటన్నిటినీ కట్ట కట్టి "అమ్మకి చీపురు" అని పట్టుకెళ్ళింది.

ఈ వారం బూరలు. ఒకడికి ఉపవాసమట, పూట ఉపవాసం. అన్నం లేకపోయినా ఊపిరి బోలెడుంది. పొద్దంతా ఊదాడు. కుస్తియా గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నేల నిండా ఆకు ముక్కలు.

"ఇది బడా, కొబ్బరితోటా?" అన్నారు.

"పిల్లల వేళ్ళకి బలం వస్తుందండీ."

"వేళ్ళ బలం తల్లిదండ్రులకి చూపించలేం విన్. రాసిన పుస్తకం చూపించగలం. సరే, అల్లికే కావాలంటే రంగు కాగితం పట్టీలు కత్తిరించుకో. గోడకి అంటించినా బాగుంటాయి."

మొత్తానికి వద్దనలేదు, అదే నాకు చాలు. అందుకని ఇక ఆకులు పంపకండి పెద్దమ్మా. కాగితంతో అల్లిస్తాను. శుభ్రంగా ఉంటుంది, వాడిపోదు, మీకూ శ్రమ తప్పుతుంది.

పండక్కి రెండు రోజుల ముందే వచ్చేస్తాను. గుడ్డ మరిచిపోను.

విన్


జెపారా,
3 మే 1988

నార్తికి,

శుభ్రంగా ఉంటుందని రాశావు. ఆ మాట రెండుసార్లు చదివాను.

ఈ ఆకులు అల్లే నిన్ను టీచర్ల బడికి పంపాను. అప్పుడు నా అరుగు మీద చెత్త నీకు అడ్డం రాలేదు. పట్నంలో నేలలు వేరేమో, నాకు తెలియదు.

ఒక మాట మాత్రం చెబుతాను, వింటే విను. కాగితం ఎటు మడిస్తే అటు పడుంటుంది. దానికి ప్రాణం లేదు. ఆకు ఎదురు తిరుగుతుంది. నువ్వు ఇటు వంచితే అది అటు లేస్తుంది. దాన్ని బతిమాలి, నొక్కి, మళ్ళీ వదిలి, మళ్ళీ పట్టుకుంటేనే వేలికి పని తెలుస్తుంది. గోడకి అంటించుకోవడానికి అయితే కాగితమే మేలు.

ఈ ఏడు కుపత్‌లు చాలామంది అడిగారు. పండగ ముందు కొన్ని, తర్వాత వారం పడవల పండక్కి ఇంకా ఎక్కువ. రెబో భార్య సాయం వస్తానంది. దాని అల్లికలో బియ్యం కాదు, రొయ్యలు కూడా జారిపోతాయి. నేనే చేసుకుంటాను.

ఆకులు పంపను. అడగలేదు కదా.

పెద్దమ్మ


సురబాయ,
10 మే 1988

పెద్దమ్మకు,

మీకు కోపం వచ్చింది. నా రాత బాగులేదు, మన్నించండి. మీ శ్రమ తగ్గించాలనే రాశాను గానీ మీ ఆకుని తక్కువ చెయ్యలేదు. అయినా మీరన్నదే నిజమైంది. కాగితం పట్టీలు పిల్లల చెమటకి నానిపోయి చిరిగాయి. శనివారం తెల్లారే సంతకి పోయి నేనే మొవ్వాకు కొనుక్కొచ్చాను.

ఆ రోజు జరిగింది మీకు వివరంగా రాయాలి.

పిల్లలు నాకు ఎదురుగా చాప మీద కూర్చున్నారు. మెనిక్ మాత్రం నా పక్కనే అతుక్కుని కూర్చుంది. ఇంకో పక్క కుస్తియా గారు, తనూ పట్టీలు తీసుకుని. ఎంతైనా జావా ఆడది కదా, పండగ ముందు ఆకు చూస్తే చెయ్యి ఊరుకోదు. ఒక పట్టీ ఈ చేతికి మూడు చుట్లు, ఇంకోటి ఆ చేతికి మూడు చుట్లు, సందుల్లోంచి దూర్చడం మొదలుపెట్టాం. ఎదురుగా ఉన్న పిల్లలు అద్దంలో చూసినట్టు చూసి అల్లుకుపోతున్నారు. పక్కనున్న కుస్తియా గారు మాత్రం ఆగిపోయారు.

"నీ అల్లిక తిరగబడి ఉందేంటి విన్? నాది ఇటు పోతుంటే నీది అటు పోతోంది. ఎడమచేతి వాటం వాళ్ళ కుపత్ ఇది."

నేను కాదనబోయి నా చేతులు చూసుకున్నాను. దూర్చేది, లాగేది, బిగించేది అంతా నా ఎడమచెయ్యే. ఇన్నేళ్ళలో ఎప్పుడూ గమనించలేదు. ఆకు దగ్గర నన్ను ఎవరూ దిద్దలేదన్నమాట.

అప్పుడు ఇటు తిరిగి చూస్తే మెనిక్ కుపత్ పూర్తయిపోయింది. అందరికంటే ముందు. నా పక్కనుంచి చూసి, ఉన్నది ఉన్నట్టు, ఎడమచేత్తో. తొడ కిందనుంచి ఆ చెయ్యి ఎప్పుడు బయటికి వచ్చిందో దానికే తెలియదు. నేను చూశానని తెలియగానే మళ్ళీ దాచేసుకుంది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పిల్ల అన్నం ముందు కూర్చుని ఉంది. ఎడమచెయ్యి వీపు వెనక్కి, పాత పైటగుడ్డతో నడుముకి కట్టేసి ఉంది. సుకెమి సిగ్గుపడింది గానీ విప్పలేదు.

"ఏం చెయ్యమంటారు టీచర్? పండగనాడు పెద్దల ముందు వంగినప్పుడు ఇది ఎడమచెయ్యి చాపితే నా పెంపకాన్నే అంటారు. మొగుడు ఊళ్ళో లేనిదాన్ని. పగలంతా బుట్ట మోసుకు తిరుగుతాను, దీన్ని కనిపెట్టుకుని ఎవరుంటారు?"

మెనిక్ నన్నడిగింది. "కుడిదేమో తియ్యని చెయ్యంట. అయితే ఇది చేదా టీచర్?"

ఆ ముడి చూస్తున్నాను. ఆ ముడి నాకు తెలుసు పెద్దమ్మా. రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపి, పిల్ల వేళ్ళకి అందకుండా వేసే ముడి. ప్రేమ ఉన్నవాళ్ళకి అది వెయ్యడానికి చేతులెలా వస్తాయో నాకు అర్థం కాలేదు. సుకెమి గురించే అంటున్నాను.

చివరికి ఆమె ఒక మాట ఇచ్చింది. పండగ సెలవులు రెండు వారాలూ కట్టు విప్పుతుంది. నేను రోజూ వెళ్ళి నేర్పాలి. బడి తెరిచేలోగా మెనిక్ తన పేరు రాస్తే ఇక కట్టదు. అందుకే ఈసారి పండక్కి రాలేను. క్షమించమని దూరం నుంచే అడుగుతున్నాను, తెలిసీ తెలియక చేసిన తప్పులన్నిటికీ.

విన్


జెపారా,
22 మే 1988

నార్తికి,

ఉత్తరం అందింది. పండగ అయింది. పడవల పండక్కి కూడా రావద్దు. ఆ పిల్లని చూసుకో.

సరింతెన్


సురబాయ,
30 మే 1988

పెద్దమ్మకు,

మీ ఉత్తరం నాలుగు ముక్కలు. బిగ్గరగా అరిచినట్టు ఒక్కొక్క అక్షరం బొటనవేలంత. కింద పెద్దమ్మ అని కూడా లేదు, పోస్టాఫీసు కాగితం మీద సంతకంలా పేరు పెట్టారు. ఆ కాగితాన్ని అందిన రోజు నుంచి సంచీలో పెట్టుకుని తిరుగుతున్నాను.

పండక్కి రాలేదనే కోపమా, లేక ఆ ముడి గురించి రాసినందుకా? రెండోదే అయితే, రాసినందుకు నేను బాధపడటం లేదు. నన్ను అలా కట్టారని నాకు ఆ రోజుదాకా గుర్తులేదు. గుర్తొచ్చాక లేనట్టు ఎలా ఉండను? నేను నిందించడానికి రాయలేదు. నిందించడానికే రాశానేమో కూడా. నాకే సరిగ్గా తెలియడం లేదు. మీరు నాలుగు మాటలు తిట్టి ఉంటే ఇంతకంటే నయంగా ఉండేది.

మెనిక్ సంగతి మీరు అడగలేదు. అయినా రాస్తాను.

సెలవుల్లో మొదటి ఐదు రోజులు పెన్సిల్ ముట్టనివ్వలేదు. మిడతలు, గాలిచక్రాలు, తర్వాత పిట్టగూడంత చిన్న కుపత్‌లు. ఆరో రోజు అదే అడిగింది, "ఈ చేత్తో పెన్సిల్ పట్టుకుంటే మీరు అమ్మకి చెబుతారా?" అని. తూనీగ తోక పట్టుకున్నట్టు మూడువేళ్ళతో సుతారంగా పట్టుకుంది. పేరు రాసింది. కుడి అంచున మొదలుపెట్టి ఎడమకి, అక్షరాలన్నీ వెనక్కి తిరిగి. సుకెమి చూసి "ఇదేం రాత, మా తలరాతలాగే ఉంది" అని నవ్వింది. నేను అద్దం తెచ్చి ఎదురుగా పెట్టాను. అద్దంలో మెనిక్ అని చక్కగా ఉంది. ఆమె నవ్వు ఆగిపోయింది. అద్దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఆ పైటగుడ్డని ఉతికి, మడిచి, పెట్టెలో పెట్టేసింది. ఎడమ నుంచి కుడికి రాయడం ఇంకో నాలుగు రోజుల్లో వచ్చేసింది.

బడి తెరిచాక కుస్తియా గారికి చూపించాను. ఆవిడ సంతోషించలేదు.

"పెద్దబడిలో వేళ్ళ మీద కొడతారు విన్. కొట్టి మారుస్తారు. ఇక్కడ మనం మెల్లగా మారిస్తే ఆ దెబ్బలు తప్పుతాయి కదా. నేను దాని చెడు కోరుతున్నానా?"

"మారిస్తే మళ్ళీ రాయదండీ. ఏడాదంతా చూశాం కదా."

"నువ్వు మారావు. ఇవాళ టీచర్‌వి అయ్యావు. నీకేం తక్కువైంది?"

మెనిక్‌ని నేనే పెద్దబడికి తీసుకెళ్ళి ఆ పంతులుతో మాట్లాడతానని మాత్రం చెప్పాను. ఆయన ఒప్పుకోకపోతే పిల్ల ఇక్కడే ఉంటుందని, నా మాట ఆవిడ ఇక వినరని ఒప్పందం. ఇంకో రెండు వారాల్లో వెళ్ళాలి. భయంగా ఉంది.

మీరు బాగున్నారా? అదొక్కటి రాయండి చాలు.

విన్


జెపారా,
13 జూన్ 1988

నార్తీ, నా తల్లీ,

ఈ ఉత్తరం ఆరు రోజులుగా రాస్తున్నాను. రోజుకి కొన్ని పంక్తులు. అక్షరాలు పెద్దవిగా ఉంటాయి, అరుస్తున్నానని అనుకోకు. చిన్నవి రాయడం నా ఎడమచేతికి ఇంకా రాలేదు.

పండక్కి మూడు రోజుల ముందు, శనివారం పొద్దున ఆకులు చీలుస్తుంటే కత్తి జారింది. తీశాను, మళ్ళీ జారింది. ఉపవాసం నీరసం అనుకున్నాను. రెబో భార్య చూసి "అక్కా, మీ మూతి ఏంటి అలా ఉంది?" అని కేకేసింది. చిన్న పక్షవాతం అన్నాడు డాక్టరు. నడుస్తున్నాను, మాట్లాడుతున్నాను. మాట కొంచెం ముద్దగా వస్తుంది. కుడిచెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడుతోంది, తడిబట్టలా.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. చాప మీద పడుకుని ఎడమచేత్తో విప్పుకుని చదివాను. ఆ ముడి మాట దగ్గర ఆగిపోయాను. నీకు కబురు చెయ్యొద్దని రెబోకి ఒట్టు పెట్టాను. నువ్వొస్తే ఆ పిల్లకి మళ్ళీ కట్టు పడుతుంది కదా. అది ఒక కారణం. రెండోది, నీ మొహం చూడలేక. రావద్దని రాసింది అందుకు. ఆ నాలుగు ముక్కలకి నాకు పూట పట్టింది. పెద్దమ్మ అని రాయలేదని నొచ్చుకున్నావు. నేను ముందు నేర్చుకున్నది నా పేరే తల్లీ. మిగతావి ఒక్కొక్క గీతా తడుముకుంటూ రాసేసరికి, చివర తడుముకోకుండా వచ్చింది అదొక్కటే.

వీధి పిల్లలొచ్చి పడవల పండగ కుపత్‌లు అల్లి పెట్టారు. నేను చెబుతూ ఉంటే ఏడెనిమిది మంది అరుగు మీద కూర్చుని అల్లారు. సగం వంకరే. అయినా పడవల మీంచి సముద్రంలోకి విసిరేవాటికి వంకర ఏముంది. వాళ్ళ మధ్య కూర్చుని నేనూ ఈనె తీయడం మొదలుపెట్టాను, ఎడమచేత్తో. పది విరిగాయి. ఒక చిట్టిది "అవ్వా, తొందరపడకు" అంది. అరవై రెండేళ్ళదాన్ని, ఆ మాటకి ఏడుపొచ్చింది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు.

ఎందుకు కట్టానో నువ్వు అడగలేదు గానీ చెబుతాను. మీ అమ్మా నాన్నా లంపుంగ్ వలస పోతూ నాలుగేళ్ళ నిన్ను నా చేతిలో పెట్టారు. ఊరి పెద్ద ఇంట్లో పెళ్ళి. పండ్ల పళ్ళెం నీ చేతికిచ్చి "అవ్వకి ఇయ్యమ్మా" అన్నాను. నువ్వు ఎడమచేత్తో చాపావు. ఆ ముసలావిడ పళ్ళెం అందుకోలేదు. "పిల్లల్లేనిదానికి పిల్లనిస్తే ఇలాగే ఉంటుంది" అంది, పదిమందీ వింటుండగా. ఇంటికొచ్చి నీ చెయ్యి కట్టాను. ఏడాది కట్టాను. దారికొచ్చావు. అక్షరాలు కూడా వచ్చాయి, ఆలస్యంగా. నీ అంతట నువ్వే మారావని అందరికీ చెప్పాను. చెప్పి చెప్పి నేనే నమ్మాను.

ఇప్పుడు అన్నం లోపలికి తీసుకెళ్ళి, తలుపు మూసుకుని తింటున్నాను. ఎడమచేత్తో తినేది ఎవరూ చూడకూడదని. మెతుకులు ఒళ్ళో పడతాయి. నిన్న తింటూ ఉంటే ఒక సంగతి తెలియాలనిపించింది. ఇంతకాలం నేను నిన్ను అడగనే లేదు.

అప్పుడు నీకు నొప్పి పుట్టిందా? ఉన్నది రాయి. నేను తట్టుకోగలను.

నీ పెద్దమ్మ


సురబాయ,
19 జూన్ 1988

పెద్దమ్మకు,

మీ ఉత్తరం గేటు దగ్గర నిలబడే చదివాను. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లులు నన్ను పట్టుకుని కూర్చోబెట్టారు. మీకు వైద్యం చేసిన డాక్టరు పేరు, ఇచ్చిన మందుల పేర్లు రెబో చేత రాయించి ఉంచండి. వద్దని నాకు చెప్పకండి.

ముందు మెనిక్ సంగతి. గురువారం పెద్దబడికి వెళ్ళాం, నేనూ సుకెమీ పిల్లా. కుస్తియా గారు కూడా చివరి నిమిషంలో గొడుగు పట్టుకుని వచ్చారు. ఒకటో తరగతి పంతులు ముసలాయన, రేపో మాపో రిటైరయ్యేవాడు. నేను రాత్రంతా కూర్చుని సిద్ధం చేసుకున్న మాటలన్నీ చెప్పాను. ఆయన విని, "రాసి చూపించు తల్లీ" అన్నాడు. మెనిక్ రాసింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "ముప్పై ఏళ్ళ క్రితమైతే కొట్టేవాణ్ణి" అన్నాడు. "అలా కొట్టినవాడు ఒకడు తర్వాత ఎప్పుడు కనిపించినా నన్ను చూసి రోడ్డు దాటేసేవాడు. నాకిక అలాంటి వాళ్ళు వద్దు. పిల్లని బల్లకి ఎడమ కొసన కూర్చోబెడతాను, పక్కదాని మోచెయ్యి తగలకుండా." అంతే, పేరు రాసుకున్నాడు. బయటికొచ్చాక సుకెమి మాకు ముగ్గురికీ తలా ఒక గ్లాసు అల్లం కషాయం పోసింది. కుస్తియా గారు రెండు తాగారు. "వచ్చే ఏడు ఆకులు నేనే తెప్పిస్తాలే" అన్నారు, నా వైపు చూడకుండా.

ఇక మీరు అడిగింది. ఉన్నది రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

నొప్పి పుట్టింది పెద్దమ్మా. గుడ్డ వల్ల కాదు, అది మెత్తగానే ఉండేది. నాలో ఏదో చెడ్డది ఉందనీ, దాన్ని వెనక్కి పెట్టి దాచాలనీ అనుకునేదాన్ని. బళ్ళో చెయ్యెత్తమంటే ఏది ఎత్తాలో ఒక్క క్షణం ఆలోచించేదాన్ని. ఇప్పటికీ ఆలోచిస్తాను. ఆ క్షణం ఎందుకో ఈ నెలలోనే తెలిసింది. నా అంతట నేనే మారానన్న మాట నేనూ నమ్మాను. నమ్మాను కాబట్టి, అక్షరాలు రాని పిల్లని చూస్తే మొండిపిల్ల అనుకునేదాన్ని, నన్ను నేను కూడా.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. కుడిచేత్తో అన్నం నోటికి అందక నేను పళ్ళెం తోసేస్తే, ఏడాదంతా మీరే కలిపి తినిపించారు. పనంతా ఆపుకుని, ముద్ద తర్వాత ముద్ద. కట్టిందీ మీరే, తినిపించిందీ మీరే. నాకు రెండూ గుర్తున్నాయి. ఒకదానితో ఇంకోదాన్ని కొట్టివేయలేను. కొట్టివేయమని మీరూ అడగలేదు. నన్ను నొప్పి పుట్టిందా అని అడిగినవాళ్ళు మాత్రం మీరొక్కరే.

శనివారం బడికి సెలవులిస్తారు. ఆదివారం మధ్యాహ్నానికి మీ దగ్గరుంటాను, నెలరోజులు. రోడ్డు దాకా ఎదురు రాకండి.

వంట నేను చేస్తాను. వడ్డించుకుని లోపలికి పోవద్దు. అరుగు మీద చాప వేస్తాను, వీధికి ఎదురుగా. తలుపు తీసే ఉంటుంది. పోయేవాళ్ళు పోతూ ఉంటారు, చూసేవాళ్ళు చూస్తారు. రెబో సుత్తి ఆపి మరీ చూస్తాడు, చూడనివ్వండి. మీ ఒళ్ళో మెతుకులు పడితే పడనివ్వండి. మీరు ఎంతసేపు తింటే అంతసేపు నేను పక్కనే కూర్చుంటాను.

మీ విన్